సుక్కిని పంపించిన వారం

"దీని నీల్ల గిన్నె ఎవులు తీసినారు?"

మా ఆయన భీముడు అడిగింది నన్నే. ఇంట్లో ఉన్నది నేనూ, మా అత్త సోములమ్మా, మూడేళ్ళ మా గుంట, నా కూతురూ. అత్త తియ్యదు, గుంటకి అందదు. దొంగ ఎవరో తెలిసి కూడా వాడకంతా వినపడేలా "ఎవులు" అని అడగడం అతని పద్ధతి.

నేనప్పుడు ముందుగదిలో గచ్చు మీద మోకాళ్ళూని ఉన్నాను. ఒక చేతిలో ఫినాయిలు సీసా, ఇంకో చేతిలో పాత లుంగీ గుడ్డ. తెల్లారి లేచేసరికి మళ్ళీ మడుగు. ఈసారి గచ్చుతో ఆగలేదు, మా గుంట కప్పుకునే దుప్పటి కూడా తడిసింది.

"నానే తీసినాను," అన్నాను. "పొద్దుగూకినాక తాగితే రాత్రంతా పోత్తంది. తాగకపోతే పొయ్యదు. దీనికి పెద్ద సదువేటి కావాల?"

"ఎన్నాల్లయింది?"

"మూడ్రోజులు."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. కుండలోంచి గిన్నె నిండా నీళ్ళు ముంచి సుక్కి ముందు పెట్టాడు. ఆ ముసలి కుక్క లేవకుండానే మెడ చాచి, ఊపిరి కూడా తీసుకోకుండా, గిన్నె అడుగు కనిపించేదాకా తాగింది. తాగుతున్నంతసేపూ అతను దాని వీపు మీద చెయ్యేసి కూర్చున్నాడు.

ఆ చెయ్యి చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్న చలికాలంలో నేను నాలుగు రోజులు జ్వరంతో పడుంటే, "మాత్ర ఏసుకున్నావా?" అని గుమ్మంలోంచి అడిగి పొలానికి పోయిన మనిషి ఇతను. ఈ కుక్క పడుకునే గోనెసంచి మాత్రం తనే ఉతుకుతాడు, తనే కంచె మీద ఆరేస్తాడు.

"నోరు నేని జీవమే," అంది అత్త మూలనుంచి. "దాని ఉసురు పోసుకోకు."

"నోరున్నదాన్ని నానున్నాను గదత్తా. నా ఉసురు ఎవులికీ తగలదా?"

కుక్కతో పోటీ ఏమిటే నీకు అని మీరు అనుకోవచ్చు. కుక్కతో కాదు. అది ఎవరి కుక్కో, ఆవిడతో.

పదమూడేళ్ళ కిందట రత్న ఈ ఇంటికి కోడలిగా వస్తూ కొంగులో పెట్టుకుని తెచ్చిన పిల్ల సుక్కి. ఆరేళ్ళ కిందట రత్న ఒక జీపు డ్రైవరుతో వెళ్ళిపోయింది. మాలో అలాంటివాటికి ఎవరూ కొంపలంటుకున్నట్టు గోల పెట్టరు. పెద్దలు కూర్చుని తగువు తెంపారు, ఎవరి దారి వారిదన్నారు. రెండేళ్ళు పోయాక నేనొచ్చాను. రత్న వెళ్ళింది గానీ ఆవిడ కుక్క వెళ్ళలేదు. ఇప్పుడా డ్రైవరు ఒడిశా వైపు పోయి మరి రాలేదట. రత్న గెడ్డవాగుకి అవతల పుట్టింట్లో ఒక్కతే ఉంటోంది. ఆ సంగతి చెవిన పడ్డ రోజు నుంచీ ఈ కుక్కని చూస్తే నాకు ఆవిడే కనిపిస్తోంది. కుళ్ళంటారా? కుళ్ళే. దాచుకోవడం నాకు చేతకాదు.

"డాక్టరమ్మకి సూపిత్తాను," అన్నాడు భీముడు, తన తువ్వాలు తీసి సుక్కికి చుడుతూ. "ఇయ్యాల డుంబ్రిగుడ సంత. సంతనాడు ఆవిడ ఒస్తాది."

"నానూ ఒస్తాను."

"నువ్వెందుకు?"

ఎందుకో నాకే సరిగ్గా తెలీదు. సంతకి రత్న కూడా వస్తుందని మాత్రం తెలుసు.

* * *

ఆటోలో దారి పొడుగునా కుక్క అతని ఒళ్ళో, నేను పక్కన ఇరుక్కుని.

పశువుల డాక్టరమ్మ గాయత్రిగారు రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చుంది. సుక్కి కళ్ళూ పళ్ళూ చూసింది, పొట్ట నొక్కింది, కాళ్ళు మడిచి చాపింది. అక్కడే గిన్నెలో పట్టిన మూత్రంలో కాగితపు ముక్క ముంచి రంగు చూసింది.

"పడుకున్నచోట తెలియకుండా పోతోందా? తెలిసే పోస్తోందా?"

"తెలిసే పోత్తంది," అన్నాడు భీముడు. "ముందు కూసింత మూలుగుద్ది. లేద్దామని సూత్తది. ఈలోగా అయిపోద్ది."

"రోజుకి ఎన్నిసార్లు?"

"పగలు మూడు, రాత్రి రెండు."

"తిండి?"

"చోడంబలి, అన్నం. ఎముక కొరకలేకపోతంది, రొండు నెలలయింది."

ఒక్క ప్రశ్నకి కూడా తడుముకోలేదు. ఇదే డాక్టరమ్మ, నీ పెళ్ళానికి కూరలో కారం ఎక్కువ కావాలా తక్కువ కావాలా అని అడిగి ఉంటే ఆకాశం కేసి చూసేవాడు.

"షుగరు లేదు, చీము లేదు," అంది ఆవిడ. "కీళ్ళు అరిగిపోయాయి. రోజూ తిన్నాక ఒక మాత్ర వెయ్యండి, పదిహేను రోజులు. నిద్ర లేవగానే, తిన్నాక, పడుకోబోయేముందు మీరే బయటికి తీసుకెళ్ళండి. మధ్యలో రెండు మూడు గంటలకోసారి తీసుకెళ్ళినా మంచిదే. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఈ వయసులో నీళ్ళు ఆపితే లోపల మొత్తం పాడైపోతుంది."

భీముడు నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే ఉంది అంతా.

"పోసినప్పుడు కొట్టకండి, అరవకండి. అది మొండితనం కాదు. ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా?"

"ఏటీ మారనేదు," అని నేనే చెప్పాను.

షెడ్డు దాటామో లేదో సుక్కి అతని చేతుల్లో గింజుకోవడం మొదలెట్టింది. ముక్కు పైకెత్తి, కుయ్యి కుయ్యిమంటూ, కింద పడిపోతుందేమో అన్నంతగా. అల్లం, చిక్కుడుగింజలు అమ్మేవాళ్ళ వరసలోంచి ఒకావిడ లేచి పరిగెత్తుకొచ్చింది. ముందున్న గింజల గంపని కూడా తన్నేసింది.

"ఓలమ్మ, నా సుక్కీ! ఇలగైపోనావేటే!"

రత్నని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. అందగత్తె అనుకుని ఇన్నాళ్ళు ఏడ్చాను. అందమేం లేదు, ముందుపన్ను కూడా విరిగింది. అందం లేదని తెలిశాక ఇంకా భయమేసింది.

భీముడు కుక్కని దించాడు. అది రత్న ఒళ్ళో తల దూర్చి, తోకతో పాటు నడుమంతా ఊపుతూ, ఆ సంతోషంలో ఆవిడ పాదం మీద పోసేసింది. రత్న పకపకా నవ్వింది. భీముడు కూడా నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళు చికిలించి. నా నాలుగేళ్ళ కాపురంలో నేను ఎరగని నవ్వు అది.

"దీన్ని ఇన్నాల్లూ నువ్వే సూత్తన్నావేటి మావా?" అంది రత్న.

మావా అంది. నా ఎదురుగా.

"మరెవులు సూత్తారు?" అన్నాడతను.

అంటే నేను చూడలేదని. ఎవరి దుప్పటి తడిసింది, ఎవరు ఉతికారు, ఎవరి నడుం విరిగింది, ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు.

"కొన్నాల్లు నాకాడ ఒగ్గండి," అంది రత్న, ఈసారి నావైపు చూసి. "ఒక్కదాన్నే ఉన్నాను. మీకు సిన్న గుంట ఉంది, కట్టం."

భీముడు నా మొహం కేసి చూశాడు. 'వద్దను' అని ఆ కళ్ళల్లో రాసినట్టు కనిపిస్తోంది. వద్దంటే? ఆవిడకి భయపడింది అనుకుంటారు. చుట్టూ సంత జనం. నా నోరు నాకంటే ముందు పుట్టింది.

"తీసుకుపో," అన్నాను. "నీ కుక్కే గదా. గచ్చు కడగలేక సత్తన్నాను."

* * *

రెండు రోజులు పండగ చేసుకున్నాను.

మా వాడలో టైల్స్ వేసిన ఇల్లు మాదొక్కటే. మట్టి నేల అలకలేనని దసరా ముందు మూడ్రోజులు కూడు మానేసి మరీ వేయించుకున్నాను. పాలరంగు గచ్చు, నడిస్తే మొహం కనిపిస్తుంది. ఇన్నాళ్ళకి దాని మీద నిమ్మకాయ వాసన ఫినాయిలు తప్ప ఇంకే వాసనా లేదు. గుంటని పడుకోబెట్టి, నేనూ పక్కన పడుకుని, చల్లగా ఉందని చెంప ఆనించుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం భీముడు తోటనుంచి రావలసిన వేళకి రాలేదు. పొద్దు వాలాక వచ్చాడు.

"ఎక్కడికెల్లినావు?"

"సుక్కికి మాత్ర ఎయ్యాల గదా."

"మాత్రలు దాన్తోటి అంపనేదా?"

అతను చొక్కా విప్పి మేకుకి తగిలిస్తే చూశాను. మాత్రల అట్ట అతని జేబులోనే ఉంది. రోజుకో మాత్ర. రోజుకోసారి గెడ్డ దాటాలి.

"ఆ అట్ట ఆవిడికిచ్చీరాదేటి?"

"మరిసిపోద్ది."

"కుక్కని పదమూడేల్లు మరవనిది మాత్ర మరిసిపోద్దా?"

అతను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. అన్నం పెట్టాను, తిన్నాడు. గుంటని ఎత్తుకున్నాడు, పడుకోబెట్టాడు.

నాలుగో రోజు వెళ్ళాడు. అయిదో రోజు వెళ్ళాడు. ఆరో రోజు గొడ్డలి పట్టుకుని వెళ్ళాడు.

"మాత్ర గొడ్డలితోటి కొట్టేత్తావేటి?" అని అడిగాను.

"దాని కంచె పడిపోనాది," అన్నాడు.

'దాని' అంటే కుక్కదా, ఆవిడదా అని అడగలేదు. అడిగే ధైర్యం చాల్లేదు. ఆ రోజంతా నేను చేసిన పని ఏమిటంటే, తడి లేని గచ్చుని నాలుగుసార్లు తుడవడం.

అత్త గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ నన్నే చూస్తోంది.

"ఏటత్తా, అలగ సూత్తన్నావు?"

"కుక్కనంపినాననుకున్నావు," అంది. "మనిసినంపినావు. నువ్వే. సంతలో. అందరి ముందరా."

ఏడో రోజూ వెళ్ళాడు. ఎనిమిదో రోజు, అతను వెళ్ళిన అరగంటకి, గుంటని అత్తకి అప్పజెప్పి నేనూ గెడ్డ దిగాను.

* * *

వాళ్ళు దాక్కుని ఉంటారనుకున్నాను. తలుపేసి ఉంటుంది, నేను దబదబా బాదుతాను, ఊరు పోగవుతుంది. ఏమేం తిట్టాలో దారంతా వల్లెవేసుకున్నాను.

తలుపు బార్లా తీసి ఉంది. భీముడు అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని, గిన్నెలో చోడంబలి తాగుతున్నాడు. రత్న వాకిట్లో అల్లం ఎండబెడుతోంది. కంచె నిలబడి ఉంది, కొత్త వెదురు, గట్టి కట్లు. మా ఇంటి కంచె ఒక పక్క పడి నెలయింది.

నన్ను చూసి అతను గిన్నె దించలేదు. తప్పు చేసినట్టు లేచీ నిలబడలేదు. వల్లెవేసుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"రా, కూకో," అంది రత్న. "అంబలి తాగుతావా?"

"తాగడానికి రానేదు. కుక్క ఎలాగుందో సూద్దామని."

"బాగుంది. వొచ్చిన కాడినుంచి ఇంట్లో ఒక్కనాడు తడపనేదు."

"అబద్దం!" అన్నాను.

"సూసుకో మరి."

గుమ్మం అవతల, పేడతో అలికిన నేల మీద సుక్కి పడుకుని ఉంది. నా గొంతు విని కళ్ళు తెరిచింది. సన్నగా మూలిగింది. నేను చూస్తూ ఉండగానే ముందుకాళ్ళు చాపి, గోళ్ళు మట్టిలోకి దించి, వెనక నడుం ఎత్తి, ఒక్క పట్టుకి లేచింది. మెల్లిగా గుమ్మం దాటింది. వాకిలి దాటి పసుపు మళ్ళ పక్కకి పోయి, అక్కడ కూర్చుని పోసి, తిరిగి తన గోనె మీదికి వచ్చి పడుకుంది.

మా ఇంట్లో ఇదే కుక్క ఎలా లేచేదో కళ్ళకి కట్టింది. మూలిగేది. లేవబోయేది. వెనక్కాళ్ళు చెరోవైపు జారిపోయేవి. మళ్ళీ లేవబోయేది, మళ్ళీ జారేది, ఈలోగా అయిపోయేది. అప్పుడది నా మొహం కేసి చూసేది. ఆ చూపు పొగరనుకుని పక్కన చీపురుతో టపటపా కొట్టేదాన్ని. ఏమైనా మారిందా అని డాక్టరమ్మ అడిగితే ఏమీ మారలేదన్నాను. దసరా నుంచీ దాని కాళ్ళకింద నేలే మారిపోయింది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"గచ్చు," అన్నాను. "గచ్చు మీద కాల్లు జారిపోతన్నాయి దానికి. అంతే. లెగలేక పోత్తంది."

"మరేటి," అంది రత్న. "ముసిలిదాన్ని తీసుకెల్లి అద్దం మీద నిలబెట్టినట్టు."

భీముడు గిన్నెలోకి చూస్తూ అన్నాడు: "నాకు తెలుసు."

"తెలుసా! తెలిసి ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఇంటావా? ఆ గచ్చు కోసం మూడ్రోజులు కూడు మానీసినావు. దాని మీద ఇంకో గోనె పరిసినా ఊరుకోవు."

"అడిగినావా? ఒక్కసారైనా అడిగినావా నన్ను? ఆవిడితోటి నవ్వుతావు, కుక్కతోటి మాటాడతావు, నాకాడికొచ్చీసరికి నీ నోట్లో మట్టి కొట్టుకుంటావు!"

అరిచేశాను. అల్లం ముక్కలు తిరగేస్తున్న రత్న చేతులు ఆగాయి. పక్కింటివాళ్ళు తొంగిచూశారు. చూస్తే చూశారు.

"లే మావా," అన్నాను, గొంతు తగ్గించి. "ఇంటికెల్దాం. గుమ్మం దాకా గోనెలు పరిసేత్తాను. సాలకపోతే గునపమెట్టి ఆ గచ్చంతా లేపేత్తాను. మట్టి మెత్తుకుంటాను. పేడతోటి అలుక్కుంటాను. సుక్కిని తీసుకెల్దాం, లే."

అతను నాకేసి చూశాడు. ఒక్క క్షణం లేస్తాడనే అనుకున్నాను.

"అంబలి తాగనీ," అన్నాడు.

అంతే. నేను సరాసరి గుమ్మంలోకి వెళ్ళి, ఒంగి, రెండు చేతులూ పొట్ట కింద పెట్టి సుక్కిని ఎత్తుకున్నాను. నాలుగేళ్ళలో దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఎముకలే గానీ బరువుంది. అది గింజుకోలేదు. ఎవరూ ఆపలేదు. చెప్పులు కూడా మర్చిపోయి నడిచాను.

గెడ్డ దిగే దారిలో నడుం మీద వెచ్చగా తగిలింది. పోసేసింది పాపం. చీర కుచ్చిళ్ళ దాకా కారింది. దించలేదు. దించితే మళ్ళీ ఎత్తగలనో లేదో. "పోస్కో," అన్నాను దాని చెవిలో. "పోస్కోవే తల్లీ." అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

గెడ్డ మధ్యకి వచ్చేసరికి వెనక రాళ్ళ మీద అడుగుల చప్పుడు. వస్తున్నాడు! తిరిగి చూడలేదు. పొంగిపోయినట్టు కనిపించకూడదు కదా. పెదవులు బిగించుకుని, నడక కొంచెం నెమ్మది చేశాను.

"నిలబడు."

రత్న గొంతు.

భుజాన సుక్కి గోనెసంచి, చేతిలో నా చెప్పులు. చెప్పులు రాయి మీద పెట్టింది, గోనె నా భుజం మీద సర్దింది. సుక్కి తల ఒకసారి నిమిరింది. ఇంక వెళ్ళదేం?

"ఒక మాట సెప్తాను," అంది. "తిట్టకు."

"సెప్పు."

"కుక్క వల్ల ఒస్తన్నాడనుకుంటన్నావు నువ్వు. కుక్కని ఎత్తుకుపోతే మానీత్తాడనుకుంటన్నావు." ఆవిడ నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. "కాఫీ పల్లు కోసిన కాడినుంచి ఒస్తన్నాడు. అప్పుడు సుక్కి నాకాడ నేదు. ఒచ్చి అరుగు మీద కూకుంటాడు. నీల్లు తాగుతాడు. సుక్కి మాట కూడా ఎత్తడు. ఎల్లిపోతాడు. సెయ్యి కూడా తగలనేదు, సచ్చిపోయిన మా అమ్మ మీద ఒట్టు."

నా చేతుల్లో కుక్క బరువు ఒక్కసారిగా రెండింతలైంది. చెయ్యి తగిలి ఉంటే తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, పెద్దల్ని కూర్చోబెట్టేదాన్ని. మాటా మంతీ లేకుండా ఒక అరుగు మీద కూర్చోవడానికి ఇంత దూరం నడిచివచ్చే మగాణ్ణి ఏం చెయ్యాలి?

"ఇదంతా నాకెందుకు సెప్తన్నావు?"

"రమ్మని నాను పిలవనేదు. రావొద్దని కూడా అననేదు. నాకూ ఊసుపోదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఉన్నమాట సెప్తన్నాను, ఆడొస్తే నాకు బాగుంటాది. అయినా సిన్న గుంట ఉన్నదానివి. నువ్వు నోరిప్పి అడుగు. ఒద్దని సెప్పమంటే రేపటినుంచి ఒద్దని సెప్పీత్తాను. నువ్వడక్కపోతే సెప్పను."

నా మొగుణ్ణి నాకు వదిలెయ్యమని నేను ఆవిడని అడుక్కోవాలి. మా అమ్మని కూడా ఏదీ అడిగి ఎరగను నేను. గచ్చు కావలసివచ్చినా కూడు మానేశాను గానీ బతిమాలలేదు.

రత్న ఇంటివైపు గట్టు మీద భీముడు కనిపించాడు. లుంగీ ఎగ్గట్టుకుంటున్నాడు.

"బేగి సెప్పు," అంది రత్న. "ఆడొస్తన్నాడు."

సుక్కి నా భుజం మీద గడ్డం ఆనించి రత్న వైపే చూస్తోంది.

"అప్పా..." అన్నాను, సొంత అక్కని పిలిచినట్టు.

తర్వాతి మాట నా నోట్లోంచి రాకముందే భీముడు నీళ్ళల్లోకి దిగాడు.